ఎవరిపని

చిన్ని మూత పెట్టదు. ఇంట్లో ఆమె మీద ఉన్న మొదటి ఫిర్యాదు ఇదే. పంచదార డబ్బా కానీ, పెన్ను కానీ, టూత్‌పేస్టు కానీ, వాడుకుని అలాగే వదిలేస్తుంది. బీరువా తలుపు బార్లా తెరిచి ఉందంటే చిన్ని అందులోంచి తువ్వాలు తీసుకుందన్నమాట. ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టే అక్క, లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చి, "నీకు కుట్టుపని రాకపోవడమే మంచిదైందే. చివర ముడి వెయ్యకుండా దారం తెంపేసేదానివి" అంటుంది. పదిహేనేళ్ళుగా అంటూనే ఉంది. చిన్ని వింటూనే ఉంది.

ఈ అలవాటు ఆఫీసుకు కూడా వెంటవచ్చింది. నీటి సరఫరా ఆఫీసులో చిన్ని ఉద్యోగం నియమాలు రాయడం. ఏ ట్యాంకు మోటారు ఎప్పుడు ఆడాలి, ఎప్పుడు ఆగాలి అనేది ఒక ఫైలులో లైనుకొక నియమం చొప్పున రాస్తే, కంప్యూటరు దాన్ని చదువుకుని మోటార్లను నడుపుతుంది. ఆఖరి నియమం రాశాక ఎంటర్ నొక్కి, కింది లైనులోకి దిగి, అప్పుడు ఫైలు మూయాలి. పద్ధతి అది. చిన్ని ఆఖరి అక్షరం కొట్టడమే తడవు, సేవ్ చేసి లేచిపోతుంది. అందువల్ల మోటార్లకు వచ్చిన నష్టమేమీ లేదు. మాస్టారి ప్రాణానికే సుఖం లేదు.

మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ఆఫీసులో పనిచేస్తూ, వచ్చిన ప్రతివాళ్ళకూ పని నేర్పి ఆ పేరు తెచ్చుకున్న మనిషి. చొక్కా జేబులో రెండు పెన్నులు, రెంటికీ మూతలు. ఎవరు రాసిన నియమాలైనా ఆయన చదివి "సరే" అన్నాకే మోటారు దాకా వెళతాయి. చిన్ని ఫైలు వచ్చినప్పుడల్లా చివరిదాకా చదివి, "మళ్ళీ గేటు వెయ్యకుండా వెళ్ళిపోయావా అమ్మాయ్" అనేవాడు. అలాగని తాను ఎంటర్ కొట్టేవాడు కాదు. ఒకరి ఫైలులో ఇంకొకరు వేలు పెట్టకూడదన్నది ఆయన పట్టుదల. "ఈసారి నుంచి వేస్తాను మాస్టారూ" అనేది చిన్ని. ఆ ఈసారి ఎప్పుడూ రాలేదు.

ఒక సోమవారం మధ్యాహ్నం మూడో ట్యాంకు పొంగింది.

మామూలుగా దానికి ఒక మోటారే ఆడుతుంది. ఆ రోజు ఏదో మరమ్మతు ఉండి రెండు మోటార్లూ కలిపి ఆడించారు. ట్యాంకులో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో పది సెకన్లకోసారి కొలిచే పరికరం ఉంది. నియమం ఏమని ఉందంటే, మట్టం తొంభై అయితే మోటారు ఆపు అని. నీళ్ళు మెల్లగా ఎక్కే రోజుల్లో ఎనభై తొమ్మిది, తొంభై అని లెక్క వరసగా వచ్చేది, మోటారు ఆగేది. రెండు మోటార్ల జోరుకు ఎనభై తొమ్మిది తర్వాత ఏకంగా తొంభై ఒకటి వచ్చింది. తొంభై రానే లేదు కాబట్టి ఆపమన్నవాళ్ళు లేరు. నియమం రాసినవాళ్ళు "తొంభై, లేదా అంతకు మించితే" అని రాసి ఉంటే ఏ గొడవా లేకపోయేది. రెండున్నర గంటలపాటు నీళ్ళు రోడ్డు మీద పారి, ఎదురుగా ఉన్న ప్రింటింగ్ ప్రెస్సు నేలమాళిగలోకి దిగి, అక్కడున్న కాగితపు చుట్టలన్నిటినీ ముద్ద చేశాయి. ప్రెస్సు ఓనరు తడిసిన చుట్ట ఒకటి చంకన పెట్టుకుని ఆఫీసుకొచ్చి, మేడమ్ బల్ల మీద పెట్టి పోయాడు.

మేడమ్ ఆ విభాగానికి అధికారి. విచారణకు ఒక ఫారం ఉంది, బుధవారం అది తీసింది. ఫారంలో నాలుగో గడిలో "ఎవరిపని కాగితం అంటించండి" అని ఉంటుంది.

దీని సంగతి కొంచెం చెప్పాలి. ఎవరు ఏ ఫైలులో ఏ లైను ఎప్పుడు మార్చారో గుర్తుపెట్టుకోవడానికి ఆఫీసులో జాడ అనే ప్రోగ్రాము వాడతారు. అది ఎవరి సొత్తూ కాదు. ఒకరి మొహం ఒకరు చూడని జనం ఎక్కడెక్కడి నుంచో తీరిక వేళల్లో రాసి, వాడుకోండి, చేతనైతే బాగుచేయండి అని లోకం మీద వదిలేశారు. అందులో "ఎవరిపని" అనే కమాండు ఉంది. ఫైలు పేరు ఇచ్చి అది కొడితే, ప్రతి లైను పక్కనా రాసినవాళ్ళ పేరు వస్తుంది. ఆ మాట ఎంచినవాళ్ళ బుర్రకు దండం పెట్టాలి. మంచి పని ముందు నిలబడి "ఎవరి పని ఇది?" అంటే మెచ్చుకోలు. చెడిపోయిన పని ముందు అంటే వీపు విమానం మోతే. మొదటి అర్థంలో ఆ కమాండును ఎవరైనా కొట్టగా ఆ ఆఫీసులో చూసినవాళ్ళు లేరు.

మేడమ్ కొట్టింది. మూడో ట్యాంకు నియమాలు తొమ్మిది లైన్లు. ఎనిమిదింటి పక్కన చిన్ని పేరు వచ్చింది. తొమ్మిదోది, ఆ పాడు లైను పక్కన, మాస్టారి పేరు వచ్చింది.

అందరూ ముక్కున వేలేసుకున్నారు. మాస్టారు ఈ నెల ముప్పయ్యో తారీఖున రిటైరవుతున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన సర్వీసు పుస్తకంలో ఒక్క ఎర్రసిరా అక్షరం లేదు. ఆ మాట ఆయన ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు కానీ, అందరికీ తెలుసు. ఇప్పుడు ఆఖరి పేజీలో "నిర్లక్ష్యం" అని రాసి సాగనంపుతారు.

"ఏమంటారు మాస్టారూ?" అని మేడమ్ అందరి ముందూ అడిగింది.

ఆయన కాగితం అందుకుని కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "ఆ లైనులో నేను కొట్టింది ఎంటర్ ఒక్కటే మేడమ్" అన్నాడు.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్ కూడా నవ్వు ఆపుకుంది. "ఎంటర్ కొడితే ట్యాంకు పొంగదు కదండీ" అంది. మాస్టారు కాగితం తిరిగి ఆమె బల్ల మీద పెట్టాడు. విచారణ తేలేదాకా ఆ ఫైలును ఎవరూ ముట్టుకోకూడదని, అందాకా వాచ్‌మన్ రోజూ మధ్యాహ్నం మూడో ట్యాంకు దగ్గర నిలబడి, నీళ్ళు అంచుకు రాగానే చేత్తో స్విచ్చి ఆర్పాలని మేడమ్ ఉత్తర్వు ఇచ్చింది. వాచ్‌మన్ కుర్చీ అడిగాడు. కుర్చీ మంజూరైంది.

నవ్వనిది చిన్ని ఒక్కతే. ఎంటర్ అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది.

సీటు దగ్గరికి వచ్చి జాడలో పాత కాలానికి వెళ్ళింది. మూడు నెలల కిందటి దాకా ఒక్కో ట్యాంకుకు ఒక్కో చిన్న ఫైలు ఉండేది. అలాంటివి పదకొండింటిని మాస్టారు ఒకే పెద్ద ఫైలులోకి చేర్చాడు. అలా ఒకచోటి నుంచి ఇంకొకచోటికి లైన్లను తరలించినప్పుడు జాడ మోసపోదు. మోసినవాళ్ళ పేరు కాకుండా మొదట రాసినవాళ్ళ పేరే చూపిస్తుంది. చిన్ని మూడో ట్యాంకు పాత ఫైలు తెరిచింది. తొమ్మిదో లైను అక్కడే ఉంది. "మట్టం 90 అయితే మోటారు ఆపు." ఆపు దగ్గర కర్సరు మిణుకుమిణుకుమంటూ ఆగిపోయింది. కింది బాణం నొక్కితే కదల్లేదు. కిందికి దిగడానికి కింద లైను లేదు.

ఆ ఆఫీసులో అలా వదిలేసే మనిషి ఒకే ఒకతె.

ఇక జరిగింది అర్థమైపోయింది. తరలించేటప్పుడు, కింద నాలుగో ట్యాంకు నియమాలు రావాలి కాబట్టి మాస్టారు ఆ లైను చివర ఎంటర్ కొట్టాడు. పాత లైను చివర ఎంటర్ లేదు, కొత్తదాని చివర ఉంది. మనుషుల కంటికి రెండూ ఒకటే. జాడ కంటికి మాత్రం అవి వేరువేరు లైన్లు. పాతది చిన్ని రాసింది, పోయింది. కొత్తది మాస్టారు రాశాడు, వచ్చింది. శుభ్రంగా గేటు వేసినందుకు దొంగతనం ఆయన మీద పడింది.

చిన్నికి ఇది మూడో ఉద్యోగం. మొదటి రెండూ మధ్యలో వదిలేసింది, అంతకుముందు ఒక కోర్సు కూడా. ఇక్కడ ఈ నెలతో ఏడాది నిండుతుంది. ఉద్యోగం ఖాయం చేసే కాగితం మేడమ్ సొరుగులో సంతకానికి సిద్ధంగా ఉందని అందరికీ తెలుసు. ట్యాంకు పొంగించిన మనిషికి ఆ కాగితం ఇస్తారా? ఆ రోజు చిన్ని ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుంది. భయమేసింది, అంతే. దానికి వేరే పేరు పెట్టక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే మేడమ్ గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

మేడమ్ అంతా విని, పెన్ను పక్కన పెట్టి, "కూర్చో" అంది. "మాస్టారంటే నీకెంత అభిమానమో నాకు తెలుసు. నాకు మాత్రం లేదా? నాకు పని నేర్పిందీ ఆయనే. కానీ జాలితో తప్పు నెత్తిన వేసుకుంటే ఎలా? ఇవాళ నువ్వొచ్చావు. రేపు ఇంకొకరొచ్చి నేనే అంటారు. అప్పుడు నేను చీటీలు వెయ్యాలా?"

"జాలి కాదు మేడమ్. నిజంగా నేనే రాశాను. పాత ఫైలు చూడండి కావాలంటే."

"ఫారంలో ప్రస్తుత ఫైలు అని ఉంది. ఎవరిపని ఏం చెబితే అది అంటించమని ఉంది."

"అదే తప్పు చెబుతోంది మేడమ్."

"లోకమంతా వాడుతున్నారు దాన్ని. ఇంతమందికి కనపడని తప్పు నీకు కనపడిందా?"

"నేను బాగుచేసి చూపిస్తే?"

"నువ్వు ఇంట్లో బాగుచేసుకున్నది చెల్లదు. నీక్కావలసిన పేరు వచ్చేలా చేశావంటారు. జాడ వాళ్ళే ఒప్పుకుని, వాళ్ళ కొత్త వెర్షన్‌లో వదిలితే అప్పుడు చూద్దాం. ముప్పయ్యో తారీఖు పొద్దున ఫారం పైకి పోతుంది." మేడమ్ పెన్ను అందుకుంది. ఆ రోజు పంతొమ్మిది.

చేసిన తప్పు ఒప్పుకుంటే నమ్మని రోజు వస్తుందని చిన్ని ఎన్నడూ అనుకోలేదు. సాయంత్రం అక్కకు చెప్పింది. అక్క ఎవరిదో కోటుకు గుండీలు కుడుతోంది.

"చెప్పావు కదా?" అంది అక్క.

"చెప్పాను."

"నమ్మలేదు కదా?"

"నమ్మలేదు."

"మరింకేం? నీ మనసు నీకు శుభ్రంగానే ఉంది. ఇక వదిలెయ్. నిన్ను పట్టిచ్చే మిషను నువ్వే కూర్చుని బాగుచేస్తావా? ఎక్కడైనా ఉందిటే ఈ చోద్యం?"

ఆ మాట చిన్నికి ఎంత హాయిగా ఉందో చెప్పలేం. చెప్పాను కదా. నమ్మకపోతే నేనేం చేసేది. ఆ హాయితో ఆ పూట ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

పొద్దున ఆఫీసుకెళ్ళేసరికి మాస్టారు సొరుగు ఖాళీ చేస్తున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళ సామాను అట్టపెట్టెలో సగం కూడా రాలేదు. తన తర్వాత వచ్చేవాళ్ళ కోసం ప్రతి ఫైలు మీదా చీటీ అంటించి ఉంచాడు. చిన్నిని చూసి, "నిన్నటి ఏడో ట్యాంకు ఫైలు చూశానమ్మాయ్. బాగుంది" అన్నాడు. కాసేపాగి, "గేటు వెయ్యలేదు" అన్నాడు. ఎప్పటిలాగే అన్నాడు. గొంతులో ఏ తేడా లేదు. అదే చిన్నికి భరించడం కష్టమైంది. ఆయన అరిచినా, మొహం తిప్పుకున్నా ఇంకాస్త తేలిగ్గా ఉండేది.

ఆ శనివారం పొద్దున చిన్ని జాడ లోపలి ఫైళ్ళను దింపుకుని, మిషను పక్కన బల్ల మీద కూర్చుంది. అక్క ఓరకంట చూసి మిషను తిప్పుకుంది.

ఎవరిపని చూసే ఫైలు పదిహేను వందల లైన్లు. ఎవరెవరో ఎన్నో ఏళ్ళుగా రాసింది. కొన్నిచోట్ల "ఇది ఎందుకు పనిచేస్తుందో తెలియదు, ముట్టుకోవద్దు" అని హెచ్చరికలు కూడా ఉన్నాయి. చిన్ని ముట్టుకోకుండా చదువుకుంటూ పోయింది. మధ్యాహ్నానికి చోటు దొరికింది. తరలిన లైను పాతదేనా అని పోల్చేచోట, లైనును చివరి ఎంటర్ గుర్తుతో సహా పోలుస్తున్నారు. గుర్తును పక్కనపెట్టి పోలిస్తే సరిపోతుంది. మార్చాల్సింది ఒకే ఒక్క లైను. మార్చి, ఆఫీసు ఫైలు నకలు మీద నడిపి చూసింది. తొమ్మిదో లైను పక్కన తన పేరు వచ్చింది. సంతోషమేసింది. ఆ తర్వాత ఎందుకు సంతోషిస్తున్నానా అని తల గోక్కుంది.

మార్పును జాడ వాళ్ళకు పంపింది. ఆ విభాగాన్ని చూసుకునే మనిషి పేరు ఎవరికీ తెలియదు. పేరుండే చోట గుడ్లగూబ బొమ్మ ఉంటుంది కాబట్టి అందరూ గుడ్లగూబ అంటారు. ఆడో మగో కూడా తెలియదు. గుడ్లగూబ కాబట్టి "రాసింది" అంటే ఎటుపోయి ఎటొచ్చినా సరిపోతుంది.

గుడ్లగూబ ఆదివారం రాసింది. "కొన్ని రకాల కంప్యూటర్లలో లైను చివర గుర్తు ఒకటి ఉండదు, రెండుంటాయి. మీరు ఒకటే తీశారు."

నిజమే. చిన్ని సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్ళేలోపు దాన్ని సరిచేసి పంపింది. మంగళవారం గుడ్లగూబ మళ్ళీ రాసింది. "పరీక్ష ఏది?"

తప్పు దిద్దితే చాలదు. అదే తప్పు రేపు ఇంకెవరైనా మళ్ళీ చేస్తే పట్టుకునేలా ఒక చిన్న పరీక్ష కూడా రాసి జతచేయాలి. జాడను ఎవరు ఎక్కడ కొత్తగా తయారుచేసినా ముందు ఆ పరీక్షలన్నీ నడుస్తాయి, నెగ్గితేనే ముందుకు పోతుంది. ఆ పరీక్షలు రాసే తీరు వేరు. అదంతా నేర్చుకోవాలి. చిన్నికి ఒళ్ళు మండింది. ఒక్క లైను మార్పుకు ఇంత తతంగమా! కంప్యూటరు మూత దించింది. అలా మధ్యలో దించిన మూతలు ఇంతకుముందు చాలా ఉన్నాయి. మూత పెట్టడం ఆమెకు తెలియదనడం పూర్తిగా నిజం కాదు.

అక్క మిషను ఆపింది. "అయిపోయిందా?"

"వాళ్ళు సతాయిస్తున్నారే. నావల్ల కాదు."

"నేను వద్దన్నప్పుడు మొదలుపెట్టకుండా ఉండాల్సింది" అంది అక్క. "మొదలుపెట్టాక నావల్ల కాదంటే నాకు ఒళ్ళు మండుతుంది. సగం కుట్టిన బట్ట ఎవరికి పనికొస్తుందే? తొడుక్కోనూ లేరు, తిరిగి అమ్మనూ లేరు." సూదిలో దారం ఎక్కించి మళ్ళీ మిషను తిప్పడం మొదలుపెట్టింది.

చిన్ని మూత తెరిచింది. రెండు పొద్దుటిపూటలు పట్టింది. పరీక్షలో ఒక మనిషి రెండు లైన్ల ఫైలు రాసి, చివర ఎంటర్ కొట్టకుండా వదిలేయాలి. ఇంకో మనిషి దాన్ని పెద్ద ఫైలులోకి చేర్చి ఎంటర్ కొట్టాలి. అప్పుడు ఎవరిపని అని అడిగితే మొదటి మనిషి పేరే రావాలి. ఆ ఇద్దరు మనుషులకూ ఏవో పేర్లు పెట్టాలి. చిన్ని పెద్దగా ఆలోచించకుండా తోచినవి పెట్టేసింది.

గురువారం సాయంత్రం పంపితే, శుక్రవారం గుడ్లగూబ నుంచి ఒకే ఒక్క మాట వచ్చింది. "మీరు కొత్తగా పెట్టిన పరీక్ష ఫైలు చివర ఎంటర్ లేదు."

చిన్ని పగలబడి నవ్వింది. అక్క ఏమిటే అంటే చెప్పలేక కళ్ళు తుడుచుకుంది. ఫైలు తెరిచి, కిందికంటా వెళ్ళి, ఎంటర్ కొట్టి, పంపింది.

"బాగుంది, తీసుకున్నాం. వచ్చే నెల వెర్షన్‌లో వస్తుంది" అని జవాబు.

వచ్చే నెల! ఆ రోజు ఇరవై ఏడు. చిన్ని బతిమాలడం మొదలుపెట్టి, రాసింది చెరిపేసి, ఉన్న సంగతి రాసింది. "ముప్పయ్యో తారీఖుకు కావాలి. ఈ తప్పు వల్ల ఒక పెద్దమనిషి తను రాయని లైనుకు మాటపడి రిటైరవుతున్నారు."

"అసలు రాసింది ఎవరో తెలుసా?" అని గుడ్లగూబ అడిగింది.

"నేను" అని చిన్ని రాసింది.

శనివారమంతా జవాబు లేదు. ఆదివారం మధ్యాహ్నం దాకా లేదు. అక్క కూడా మిషను ఆపినప్పుడల్లా "వచ్చిందా?" అంటోంది. మూడున్నరకు జాడ పేజీలో కొత్త చిన్న వెర్షన్ కనిపించింది. అందులో మార్పు ఒక్కటే. గుడ్లగూబ వేరే మాటేమీ రాయలేదు.

ముప్పయ్యో తారీఖు సోమవారం. పొద్దున మేడమ్ గదిలో మాస్టారు, చిన్ని ఉన్నారు. మేడమ్ కొత్త వెర్షన్‌ను జాడ పేజీ నుంచి తనే దింపుకుని, తన కంప్యూటరు మీదే ఎవరిపని కొట్టింది. తెర వంక చూసింది. మళ్ళీ కొట్టి మళ్ళీ చూసింది. తొమ్మిది లైన్ల పక్కనా ఒకే పేరు.

"ఎవరి పని ఇది?" అంది.

"నా పనే మేడమ్. ముందే చెప్పాను కదా."

"ఈ లైను సంగతి కాదు. జాడలో దీన్ని దిద్దింది ఎవరని."

"అదీ నా పనే."

మేడమ్ తెర వంక ఇంకోసారి చూసింది. కాగితం ప్రింటు తీసి నాలుగో గడిలో అంటించింది. "ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆరు నెలలు ఆగుతుంది. అది నా చేతుల్లో లేదు, ట్యాంకు పొంగింది కాబట్టి అంతే" అంది. ఆ తర్వాత, "ఆరు నెలల తర్వాత నేనే గుర్తుపెట్టుకుని సంతకం పెడతాను" అంది.

ఊడుతుందనుకున్న ఉద్యోగం ఊడలేదు.

మాస్టారు చెయ్యి చాపాడు. "ఆ ఫారం ఇలా ఇవ్వండి మేడమ్." అయిదో గడిలో "పరిశీలించినవారు" అని ఉంటుంది. దాన్ని ఎవరూ ఎప్పుడూ నింపరు. ఆయన పెన్ను మూత తీసి, అందులో తన పేరు రాసి, సంతకం పెట్టి, మూత పెట్టాడు.

"ఆ గడి నింపకపోయినా ఎవరూ అడగరు మాస్టారూ" అంది మేడమ్.

"తెలుసమ్మా. చదివి సరే అన్నది నేనే కదా. తొంభై దగ్గర నేనూ ఆగలేదు" అన్నాడు.

వరండాలోకి వచ్చాక చిన్నికి అప్పుడు తట్టింది. "మీకు మొదటి రోజే తెలుసు" అంది.

"ఎంటర్ లేని ఫైలు ఈ ఆఫీసులో ఇంకెవరు ఇస్తారమ్మాయ్?"

"మరి చెప్పొచ్చు కదా!" చిన్ని గొంతు పెద్దదైంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో, సిగ్గో, రెండూనో. "అందరూ నవ్వుతుంటే అలా నిలబడ్డారు. నా పేరు చెప్పడానికేం?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను రాశానంటే అబద్ధం. రాయలేదంటే, మరెవరు అని అడుగుతారు. ఏడాది నిండబోతున్న పిల్ల పేరు నా నోటితో ఎందుకు చెప్పడం? అందుకని నేను చేసింది మాత్రం చెప్పాను. ఎంటర్ ఒక్కటే కొట్టానని." కళ్ళజోడు పెట్టుకున్నాడు. "పద. వాచ్‌మన్ పది రోజుల నుంచి ఎండలో ఉన్నాడు."

ఫైలు మీద నిషేధం తీసేశారు. చిన్ని తొమ్మిదో లైనులో "90 అయితే" తీసేసి "90, లేదా అంతకు మించితే" అని రాసింది. మాస్టారు పక్కన నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదివి, "సరే" అన్నాడు. ఆ ఆఫీసులో ఆయన అన్న ఆఖరి సరే అది. మధ్యాహ్నం మోటారు దానంతటదే ఆగింది. వాచ్‌మన్ మాత్రం నమ్మకం కుదరక స్విచ్చి మీద చెయ్యి వేసుకునే కూర్చున్నాడు.

సాయంత్రం అట్టపెట్టెకు తాడు కట్టాక మాస్టారు చిన్ని సీటు దగ్గరికి వచ్చాడు. "ఏదీ, జాడలో ఏం చేశావో చూపించు. పోయేముందు చూసి పోతా."

చిన్ని ముందు ఆ ఒక్క లైను చూపించింది. తర్వాత పరీక్ష ఫైలు తెరిచింది. తెరవగానే, తోచిన పేర్లు పెట్టేశానన్న సంగతి గుర్తొచ్చి మూసేయబోయింది. అప్పటికే ఆయన వంగి చదువుతున్నాడు.

"చిన్ని రెండు లైన్లు రాసింది. చివర ఎంటర్ కొట్టలేదు.
మాస్టారు వాటిని పెద్ద ఫైలులో చేర్చారు. ఎంటర్ కొట్టారు.
రెండో లైను ఎవరిపని?
చిన్ని. మాస్టారు అని వస్తే జాడ తప్పు."

"ఇది ఎక్కడుంటుంది?" అన్నాడు మాస్టారు.

"జాడలోనే ఉంటుంది. ఎవరు ఎక్కడ కొత్తగా తయారుచేసినా ముందు ఇది నడుస్తుంది. మీరు కొట్టింది ఎంటర్ ఒక్కటేనని తేలాకే మిగతా పని."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ మాస్టారూ."

ఆయన చాలాసేపు ఆ నాలుగు లైన్లనే చూశాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో చిన్ని ఆఖరి ఏడాదే చూసింది కానీ, ఆయన మొహం అలా ఉండగా ఎప్పుడూ చూడలేదు. ఆ తర్వాత కింది బాణం మీద వేలు పెట్టి ఒకసారి నొక్కాడు. కర్సరు కిందికి దిగింది.

"వేశావే" అన్నాడు, పెట్టె ఎత్తుకుంటూ.